పేటలకూ తలరాతలుంటాయా?



మన ఆడవాళ్లం నలుగురం ఒకచోట చేరితే పిల్లల చదువులూ, సరుకుల ధరలూ అయ్యాక మాట మెల్లగా ఇళ్ల మీదకు మళ్లుతుంది. "ఫలానా పేటలో అప్పట్లో స్థలం కొని వుంటే ఈపాటికి మన దశ తిరిగేది" అని ఒకరు నిట్టూరుస్తారు. "ఆ పేట రాత అలా వుంది, మన పేట రాత ఇలా వుంది" అని ఇంకొకరు సర్దిచెబుతారు. మనుషులకు తలరాతలున్నాయో లేదో పెద్దలు తేల్చాలి గాని, పేటలకు మాత్రం అలాంటిదేమీ లేదని నా నమ్మకం. పేట రాతను మనుషులే రాస్తారు, మనుషులే చెరుపుతారు. అది ఎలా జరుగుతుందో హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిలింనగర్‌లను చూస్తే బాగా తెలుస్తుంది. ఈ వేళ ఆ సంగతే మీతో ముచ్చటిస్తాను.

దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండలు ఎంత దూరం నుంచి చూసినా గరుకే. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గ్రానైటు రాయి, దాని సందుల్లో ముళ్లపొదలు. 1960 దశకంలో చల్లగళ్ల నరసింహారెడ్డి గారనే ఐ.ఎ.ఎస్. అధికారి పూనుకుని, సహకార గృహనిర్మాణ సంఘం పెట్టి, ఇక్కడ ఇళ్ల స్థలాలు వేయించారు. ఊరికి దూరం, బండరాతి నేల. కూరగాయలకైనా కొండ దిగి రావలసిందే. అలాంటి చోటు తర్వాతి ముప్పై నలభై ఏళ్లలో నగరంలోని ఖరీదైన పేటల్లో ఒకటి ఎలా అయింది? కొండ మారలేదు, రాయి మారలేదు. అక్కడికి పని వచ్చి చేరింది, అంతే.

ఆ పని సినిమా. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయింది గాని, తెలుగు సినిమా కాపురం మద్రాసులోనే వుండిపోయింది. అమీర్‌పేటలో సారథీ స్టూడియో లేకపోలేదు. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' ఇక్కడ తయారైనదే. అయితే ఒక్క స్టూడియోతో పరిశ్రమంతా కదిలిరాదు కదా! అక్కినేని నాగేశ్వరరావుగారు 1960 దశకంలోనే మద్రాసు నుంచి హైదరాబాదుకు కాపురం మార్చారు. 1976 జనవరిలో బంజారా హిల్స్‌లో 22 ఎకరాల రాతినేల మీద అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. రాష్ట్రంలో తీసిన సినిమాలకు ప్రభుత్వం రాయితీలిచ్చింది, సినిమావారికి స్థలాలిచ్చింది. కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో, ఫిలిం చాంబరు అన్నీ ఈ కొండల చుట్టుపక్కలే వెలిశాయి. ఫిలింనగర్ అనే పేరు అలా స్థిరపడింది.

ఇక్కడొక విచిత్రం చూడండి. ఇంచుమించు అదే కాలంలో నందమూరి తారక రామారావుగారు నగరానికి తూర్పున నాచారంలో స్టూడియో కట్టారు. పేరుకు గాని పలుకుబడికి గాని ఆయనకేం తక్కువ? అయినా నాచారం సినిమావారి పేట కాలేదు. ఫ్యాక్టరీల పేటగానే దానికి పేరు పడింది. 1996లో మొదలైన రామోజీ ఫిలిం సిటీ వీటన్నిటికంటే ఎంతో పెద్దది, లోపల దొరకనిది లేదు. అయినా సినిమావాళ్ల పేట ఏదంటే నేటికీ మనవాళ్లు ఫిలింనగర్, కృష్ణానగర్ పేర్లే చెబుతారు. ఎందుచేత?

ఎందుచేతంటే, సినిమా నాలుగు గోడల మధ్య కొన్ని దీపాలు పెట్టినంత మాత్రాన తయారయ్యేది కాదు. కొండ దిగగానే కృష్ణానగర్, ఇందిరానగర్, యూసఫ్‌గూడ వున్నాయి. దీపాలు మోసేవాళ్లు, మేకప్పు చేసేవాళ్లు, దుస్తులు కుట్టేవాళ్లు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, డాన్సు చేసే పిల్లలు, వేషం కోసం ఊళ్ల నుంచి వచ్చి ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకునే కుర్రాళ్లు, అంతా అక్కడ అద్దెకుండేవాళ్లే. వాళ్లకు ఇడ్లీ బండి కావాలి, మెస్సు కావాలి, ఫోటోలు తీసే కొట్టు కావాలి, నెలాఖరు దాకా అప్పు పెట్టే కిరాణా కొట్టు కావాలి. తెల్లవారుజామున "ఇద్దరు దర్జీలు కావాలి" అని కబురొస్తే, సూర్యుడు పైకి రాకముందే వాళ్లు బండెక్కాలి. అంత దగ్గరగా వుంటేనే ఒకరి పని ఇంకొకరికి కూడు పెడుతుంది. జూబిలీ హిల్స్ వైభవానికి పునాది పైనున్న బంగళాల్లో లేదు, కిందనున్న ఆ అద్దె గదుల్లో వుంది. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. కాని ఇంటి గుమ్మానికి ఎంత చెక్కడం చేయించినా, వంటింట్లో పొయ్యి వెలగకపోతే అది ఇల్లనిపించుకోదు కదండీ!

ఈ సంగతినే 1961లో అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ ఒక పెద్ద పుస్తకంలో రాశారు. ఆవిడ ఇంజనీరు కాదు, కాలేజీ పట్టా కూడా లేదు. పత్రికలకు రాసుకునే మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. న్యూయార్కులో తానున్న వీధినే కళ్లు తెరిచి చూసి రాశారు. పాత ఇళ్లూ కొత్త ఇళ్లూ, కాపురాలూ కొట్లూ కలగలిసిన వీధి కళకళలాడుతుందనీ, వచ్చేపోయే మనుషుల చూపే వీధికి అసలైన కాపలా అనీ ఆవిడ వాదం. పేట బాగుపడ్డకొద్దీ అద్దెలు పెరిగి, దాన్ని బాగుచేసినవాళ్లే మూటాముల్లే సర్దుకోవలసి వస్తుందని కూడా ఆనాడే హెచ్చరించారు. ఆ హెచ్చరిక మన కొండకు ఎలా వర్తిస్తుందో కాస్సేపట్లో చెబుతాను.

పని ఒక్కటే చాలదు. దాని వెంట రోడ్డూ, బండీ, నలుగురికి పనికొచ్చే సౌకర్యాలూ రావాలి. జూబిలీ హిల్స్‌కు అవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1988లో అపోలో ఆసుపత్రి వచ్చింది. 1998 నవంబరులో పక్కనే మాదాపూరులో సైబర్ టవర్స్ తెరిచారు. కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఈ కొండే దారి అయింది. 2019 మార్చిలో మెట్రో రైలు జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు మీదుగా హైటెక్ సిటీకి వెళ్లింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు.

అదే నగరంలో మూసీకి అవతలి ఒడ్డు చూడండి. ఒకప్పుడు హైదరాబాదంటే చార్మినారే, పత్తర్‌గట్టీయే. 1908 సెప్టెంబరులో మూసీకి వరదలొచ్చి వేలమంది కొట్టుకుపోయాక, కలవారు ఏరు దాటి ఉత్తరానికి నడవడం ఎక్కువైంది. ఏడో నిజాం కూడా కాపురం కింగ్ కోఠీలోనే పెట్టారు. 1948 సెప్టెంబరులో ఆయన ప్రభుత్వం పోయాక, ఆ కొలువుల మీద బతికిన కుటుంబాలెన్నిటికో జీతం రాళ్లు కరువయ్యాయి. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన మెట్రో మూసీ ఒడ్డున ఇమ్లీబన్ దగ్గర ఆగిపోయింది. పాతబస్తీలోకి వెళ్లవలసిన భాగం కట్టకుండానే మిగిలింది. పాతబస్తీ చేసిన పాపమేమిటి? అక్కడి మనుషులు సోమరులా? లాడ్ బజారులో లక్క కరిగించి, రాళ్లు పొదిగి గాజులు చేసే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. కొలువు పోయింది, ప్రభుత్వ ధనం ఇటు మళ్లింది. అయినా ఆ బజారు ఇంకా నిలిచి వుందంటే, పనీ కాపురమూ పక్కపక్కనే వుండబట్టే.

ఇక పనే వెళ్లిపోతే ఏమవుతుందో చెప్పడానికి మద్రాసు వుంది. వడపళనిలోని విజయా వాహినీ స్టూడియో ఒకనాడు మన సినిమాకు పుట్టిల్లు. 1957 నాటి 'మాయాబజార్' అక్కడ తయారైందే. ఆ ప్రాంగణంలో ఇప్పుడు ఆసుపత్రి వుంది, 2013లో తెరిచిన పెద్ద మాల్ వుంది. మరి వడపళని పాడుబడిందా అంటే, లేదు. నేల ధర పెరిగింది, జనం కిటకిటలాడుతున్నారు. కాని అక్కడ సెట్లకు రంగులు వేసి, దుస్తులు కుట్టి, భోజనాలు వండి బతికిన తెలుగువాళ్లకు ఆ ధరలో దమ్మిడీ రాలేదు. పని వెంట హైదరాబాదుకు వచ్చినవాళ్లు వచ్చారు, రాలేనివాళ్లు వేరే బతుకుతెరువు వెతుక్కున్నారు. నేల బాగుపడటం వేరు, నేల మీది మనుషులు బాగుపడటం వేరు. ఈ తేడా మనం మరచిపోతే, ఏ పేట వృద్ధిలో వుందో ఏది క్షీణిస్తోందో సరిగ్గా లెక్కకట్టలేం.

ఇప్పుడు జూబిలీ హిల్స్ దగ్గరకే వద్దాం. 36వ నంబరు రోడ్డులో ఒకనాటి ఇళ్లు చీరల కొట్లు, నగల కొట్లు, ఫలహారశాలలు అయ్యాయి. రాత్రి దీపాలు చూస్తే కళ్లు చెదురుతాయి. ఆ వెలుగు వెనక కృష్ణానగర్‌లో అద్దెలు పెరుగుతున్నాయి. షూటింగులకు క్యారియర్లు కట్టి పంపే ఒక ఆవిడతో ఈమధ్య మాట్లాడాను. పశ్చిమ గోదావరి నుంచి ఇరవై ఏళ్ల కిందట వచ్చిందట. "షూటింగు లేని రోజులుంటాయి గాని, అద్దె లేని నెలుంటుందా అమ్మగారూ?" అంది. 2020 మార్చిలో కరోనా వల్ల షూటింగులు ఆగిపోయినప్పుడు ఇలాంటివాళ్లకు నటీనటులే చందాలు వేసుకుని సరుకులు పంచవలసి వచ్చింది. కార్మికుల కోసం మణికొండ వైపు చిత్రపురి కాలనీ కట్టారు, మంచిదే. కాని ఆ ఇల్లు అందరికీ అందేది కాదు. ఫిలింనగర్ బంగళాల పక్కనే వున్న బస్తీల్లో, ఆ బంగళాలు కట్టినవాళ్లూ, వాటిల్లో అంట్లు తోమేవాళ్లూ వున్నారు. వాళ్లను ఊరవతలికి పంపితే కొండ శుభ్రంగా కనిపిస్తుందనుకునేవాళ్లున్నారు. మరి తెల్లారేసరికి రెండు బస్సులు మారి ఆ మనిషి ఎలా వస్తుంది? వచ్చినా, ఆమె బిడ్డను ఎవరు చూస్తారు? జేకబ్స్ గారు చెప్పింది ఇదే. దీన్నే మన పెద్దలు ఏరు దాటి తెప్ప తగలేయడమన్నారు.

ఇదంతా పెద్ద పెద్ద ఆఫీసుల్లో తేలవలసిన వ్యవహారం, మనమేం చేస్తామని అనుకోకండి. కొంత మన చేతుల్లోనూ వుంది. మీ కాలనీ సంఘం సమావేశాలకు మగవాళ్లనే పంపకండి, మీరూ వెళ్లండి. ఇస్త్రీ బండిని తీయించాలనీ, కూరల బుట్టలు గేటు ముందు పెట్టనీయకూడదనీ ఎవరైనా తీర్మానం పెడితే, లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగండి. "వీళ్లు వెళ్లిపోయాక మధ్యాహ్నం పూట మన వీధిలో మనిషన్నవాడు ఎవడుంటాడు?" అని. పనిచేసేవాళ్లు నడిచి వచ్చేంత దూరంలో చిన్న ఇళ్లుండాలనీ, వాళ్ల పిల్లలకు బడీ, బాలవాడీ వుండాలనీ, బస్సు ఆగే చోట నీడ వుండాలనీ ఓట్లడగడానికి వచ్చినవాళ్లను నిలదీయండి. పేట బాగుందో లేదో గజం ధరను బట్టి చెప్పకండి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎంతమంది అక్కడే నిద్రపోగలుగుతున్నారో లెక్కపెట్టి చెప్పండి.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. రాళ్లగుట్ట బంగారుకొండ కావడం మనం చూశాం. అది మళ్లీ గుట్ట కాకుండా చూసుకోవడం, దాన్ని మోస్తున్న కృష్ణానగర్‌ను కాపాడుకోవడంలోనే వుంది. మీ పేటకూ ఎక్కడో ఒక కృష్ణానగర్ వుండే వుంటుంది. అదెక్కడుందో ఈ వారం ఓసారి చూసి రండి. సెలవు.