పదిమంది చెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



పల్లెటూరి గ్రంథాలయపు పండుగలో పట్టణపు చెట్ల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. పల్లెలో రచ్చబండ మీది రావిచెట్టు ఊరందరిది. దానిపై గొడ్డలి యెత్తినవాని చేయి పట్టుకొనుటకు పదిమంది పరుగెత్తుదురు. పట్టణమునందలి వీధిచెట్టు కూడ అందరిదే. కాని అందరిది యగుటచేతనే అది యెవ్వరిదియు కాకుండ పోవుచున్నది. నేడు పల్లెలు పట్టణములగుచున్నవి, బాటలు వెడల్పగుచున్నవి, వాకిళ్లకు సిమెంటు వచ్చుచున్నది. పట్టణమునకు కలిగిన కష్టమును ముందుగా తెలిసికొనుట పల్లెకు మేలు.

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు దక్షిణముగా శాలిబండ యున్నది. షా అలీ బండ యను పేరే జనుల నోట శాలిబండ యైనది. 1591లో వెలసిన ఆ నగరమునకు పూర్వము తోటల నగరమని ప్రసిద్ధి యుండెను. 17వ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దానిని బాగ్‌నగర్ అని వ్రాసెను. నేడు పాతబస్తీలో ఆ తోటలు చాలవరకు పేర్లుగనే మిగిలినవి. శాలిబండ గడియారపు గోపురము ప్రక్కగా పోవు బాటకు ఇరువైపుల అంగళ్లు, మేడలు నిండియున్నవి. నగరమంతయు గ్రానైటు బండల మీద కూర్చున్నది. పై మన్ను పెక్కుచోట్ల పలుచన. అట్టి నేలలో ఒక వేపయో, రావియో నిలిచి పెద్దదగుట యనగా, దాని వేళ్లు రాతి నెరియలను వెదకికొనుచు ఏండ్లకొలది శ్రమించినవని యర్థము. దానిని పడగొట్టుటకు ఒక పూట చాలును. మరల పెంచుటకు ఒక తరము కావలెను.

శాలిబండ నుండి ఉత్తరముగా బయలుదేరి, చార్మినారును, మూసీ వంతెనను దాటినచో అఫ్జల్‌గంజ్ వచ్చును. అచట ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు గలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచినది. వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. ఆనాడు సుమారు 150 మంది ఈ చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. మేడలు కూలినవి, వంతెనలు దెబ్బతినినవి, చెట్టు నిలిచినది. దానిని నాటినవా రెవ్వరో, ఎవరికొరకు నాటిరో చెప్పువారు లేరు. నాటినవారి పేరడుగకయే చెట్టు తన కొమ్మలను చాచినది. పదిమంది చెట్టు అనగా అట్టిది.

వరద యేడాదికొకసారి వచ్చునది కాదు; ఎండ మాత్రము ఏటేట వచ్చును. రాయియు, సిమెంటును పగటి వేడిని త్రాగి రాత్రి కక్కును. అందుచేతనే చెట్టు లేని గల్లీలో అర్ధరాత్రి యైనను గోడలు చల్లబడవు. చెట్టు నీడనిచ్చుటయే గాక, వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల గుండ ఆవిరిగా విడిచి గాలిని చల్లపరచును. వాన చినుకును ఆకులపై నాపి, మెల్లగా నేలకు దించును. వేళ్లు వదులుచేసిన మన్ను ఆ నీటిని లోనికి తీసికొనును. బాటపై లేచు దుమ్మును ఆకులు పట్టును. చల్లని యంత్రములు గల మేడలోనివారికి చెట్టు ఒక సొగసు. తోపుడుబండిపై పండ్లమ్మువానికి, ఆటో నడుపువానికి, చంకలో బిడ్డతో బస్సుకై నిలుచున్న తల్లికి అదియే మేడ, అదియే యంత్రము. కావున వీధిచెట్టు పోయినచో మొదట నష్టపడువాడు బీదవాడు.

చెట్టు వలన చిక్కులు లేవనుట సత్యము కాదు. ఆకులు రాలును, వేళ్లు కాలిబాటను లేపును, గాలివానలో కొమ్మ విరిగి పడును, అంగడి పేరుపలక కనబడదని వర్తకుడు గొణుగును. కాని ఈ చిక్కులలో పెక్కింటికి మూలము మనుష్యుని చేతిలోనే యున్నది. మొదలు చుట్టును మన్ను కనబడకుండ సిమెంటు పోయుదురు. చెట్టునకు ఆహారము తెచ్చు సన్నవేళ్లు చాలభాగము నేలకు మూడడుగుల లోపలనే వ్యాపించును. వాటికి నీరు, గాలి రెండును కావలెను. అవి అందక చెట్టు నీరసించును. ప్రకటనల కొరకు మేకులు కొట్టుదురు, తీగలు బిగింతురు. బెరడు క్రిందనే ఆహారము ప్రవహించు దారి యున్నది. బిగిసిన తీగ దానికి ఉరిత్రాడు. మొదట చెత్త పోసి నిప్పు పెట్టుదురు. కరెంటు తీగలకు తగులునని ఒకవైపు కొమ్మలన్నియు నరికి, చెట్టు రెండవవైపునకు ఒరిగి కూలినప్పుడు గాలిని నిందింతురు.

ప్రభుత్వము ఊరకున్నదని చెప్పరాదు. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించెను. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. 2015లో తెలంగాణలో హరితహారము మొదలైనది. 2020 సంవత్సరమునకు గాను హైదరాబాదు ‘ప్రపంచ వృక్ష నగరము’ అను గుర్తింపు పొందినది. భారతదేశమున ఆ గౌరవమును తొలుత పొందిన నగరమదియే. అయినను నాటుట ఒకనాటి పండుగ, కాపాడుట నిత్యకృత్యము. పండుగకు జనము చేరుదురు, నిత్యకృత్యమునకు చేరరు.

కాపాడిన యెడల ఏమగునో చూపుటకు మహబూబునగరము వద్ద పిల్లలమఱ్ఱి గలదు. ఏడువందల యేండ్లదని చెప్పబడు ఆ మఱ్ఱి సుమారు మూడెకరముల నేలపై వ్యాపించినది. చెదలు పట్టి లోన డొల్లయగుటచే 2017 చివర దాని పెద్దకొమ్మ యొకటి విరిగిపడినది. అధికారులు సందర్శకుల రాకను నిలిపిరి. 2018లో, రోగికి సెలైను ఎక్కించునట్లు, చెదలమందు కలిపిన నీటిని సీసాలతో వ్రేలాడదీసి బొట్టుబొట్టుగా చెట్టులోని కెక్కించిరి. బరువైన కొమ్మలకు ఊతములు నిలిపిరి. చెట్టు తేరుకొనినది. ఏడువందల యేండ్ల చెట్టునకే వైద్యము సాధ్యమైనప్పుడు, ముప్పదియేండ్ల వేపకు కాదనుట సోమరితనము.

ఇందుకు కావలసిన పనులు పెద్దవి కావు. తొలకరిలో నాటవలెను. తీగల క్రింద పొట్టిజాతిని, విశాలమైన చోట వేప, కానుగ, చింతలను ఎన్నుకొనవలెను. గోడలను చీల్చు రావి, మఱ్ఱులను ఇండ్లకు దూరముగా ఉంచవలెను. మొదటి రెండు మూడు వేసవులలో నీరు తప్పరాదు. కాండము లావెక్కగనే ఇనుప కంచెను తీసివేయవలెను. లేనిచో కాపాడిన కంచెయే కోసివేయును. మొదలు చుట్టును కనీసము ఒక గజము మన్ను విడువవలెను. కొమ్మ తీయవలసి వచ్చినచో, మొదట అడుగువైపున గాటు పెట్టి, పిదప పైనుండి రంపముతో కోయవలెను. అప్పుడు బెరడు చీలదు, గాయము త్వరగా మానును.

తెలుగువారి పెద్దలు సప్తసంతానములలో చెరువును, గుడిని, కావ్యమును, కన్నబిడ్డను చెప్పి, వారి సరసన వనమును కూడ నిలిపిరి. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి శిలలపై అశోకుని శాసనములు రెండువేల రెండువందల యేండ్లకు పైబడి యున్నవి. బాటల వెంట మనుష్యులకును, పశువులకును చెట్లు నాటించితినని ఆ రాజు చెప్పుకొనెను. రాజు పని నేడు పౌరునిది. గ్రంథాలయము పుస్తకములకు పట్టిక యుంచునట్లే ఊరి చెట్లకును ఒక పట్టిక యుంచవచ్చును. ఏ చెట్టు ఎచటనున్నది, ఎవరు నీరు పోయుచున్నారు, ఎప్పుడు జబ్బుపడినది యని వ్రాసిన యెడల, ఎవ్వరిదియు కాని చెట్టు మరల పదిమందిదగును. శాలిబండ గల్లీలోనైనను, ఈ ఊరి బాటపైనైనను సూత్రమొక్కటే.

ఈ గ్రంథాలయమునకు నేడు ఇరువదియైదేండ్లు. ఈ తొలకరిలో నాటిన వేపమొక్క, సాకినచో, స్వర్ణోత్సవము నాటికి పందిరి యవసరము లేకుండ సభకు నీడ నీయగలదు. ఆ సభలో కూర్చుండువారు ఇంకను పుట్టవలసియున్నారు. వారి కొరకు నేడు ఒక కడవ నీరు మోయువారికి శుభమగుగాక!