నిబంధన మారిన రోజు పేదవాడికి చెప్పేదెవరు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం లెక్కలు చదువుకుంటాం. ఎన్ని ఇళ్లకు రేషన్ ఇచ్చాం, ఎంతమంది పిల్లల ఫీజులు కట్టాం, ఎన్ని పెళ్లిళ్లకు సాయపడ్డాం అని. కొవిడ్ కాలంలో మన కుర్రాళ్లు చేసిన ఒక పని మాత్రం ఏ లెక్కలోనూ లేదు. దానికి ఓచర్ లేదు, రసీదు లేదు. అది బూస్టర్ టీకా కోసం తిరిగిన జనానికి దారి చూపిన పని. మహమ్మారి అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. ఆ ఏడాదిన్నరలో మన బస్తీలు ఎక్కడ తడబడ్డాయో చూసుకుంటే, రేపు ఇంకో పథకానికో, ఇంకో రోగానికో మనమేం సిద్ధం చేసుకోవాలో తెలుస్తుంది. అందుకే ఈ మాట ఎత్తుతున్నాను.

ముందు నిబంధనలు ఎలా మారాయో వరసగా చెబుతాను. 2021 డిసెంబర్ 25 రాత్రి ప్రధానమంత్రి మూడో డోసు ప్రకటించారు. దానికి బూస్టర్ అని పేరు పెట్టలేదు, ప్రికాషన్ డోసు అన్నారు. 2022 జనవరి 10న మొదలైంది. అప్పుడు అర్హులు ముగ్గురే: ఆరోగ్య సిబ్బంది, ఫ్రంట్‌లైన్ సిబ్బంది, 60 ఏళ్లు దాటి షుగర్, బీపీ, గుండెజబ్బు లాంటివి ఉన్నవారు. రెండో డోసు వేసుకుని 9 నెలలు, అంటే 39 వారాలు నిండాలి. మొదట వేసుకున్న కంపెనీ టీకానే మళ్లీ వేసుకోవాలి. 9 నెలల గడువును 6 నెలలకు తగ్గించమనీ, 60 దాటినవారందరికీ జబ్బుల షరతు లేకుండా ఇవ్వమనీ అదే జనవరిలో మన రాష్ట్ర అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు కేంద్రానికి లేఖ రాశారు.

మార్చి 16 నుంచి 60 దాటినవారికి జబ్బుల షరతు తీసేశారు. ఏప్రిల్ 10 నుంచి 18 దాటిన అందరూ అర్హులే అన్నారు. కానీ 60 లోపువారు ప్రైవేటు కేంద్రంలో డబ్బు కట్టి వేయించుకోవాలి. జులై 6న గడువు 9 నెలల నుంచి 6 నెలలకు తగ్గింది. జులై 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు ప్రభుత్వ కేంద్రాల్లో అందరికీ ఉచితం అన్నారు. ఆగస్టులో ఇంకో మార్పు వచ్చింది. కొవిషీల్డ్ వేసుకున్నా, కొవాగ్జిన్ వేసుకున్నా మూడో డోసుగా కార్బెవాక్స్ తీసుకోవచ్చన్నారు. తర్వాత టీకాలు నిండుకున్నాయి. మళ్లీ 2023 ఏప్రిల్ 19 నుంచి మన రాష్ట్రం సొంతంగా కొన్న 5 లక్షల కార్బెవాక్స్ డోసులతో మొదలుపెట్టింది.

ఇన్ని మార్పులకు కారణాలు లేకపోలేదు. ముసలివాళ్లకు, రోగులకు ముందు దక్కాలి. టీకా రక్షణ ఎన్నాళ్లుంటుందో ప్రపంచమంతా అప్పుడే నేర్చుకుంటున్నది. ఎండలో గడప గడపకూ తిరిగిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు మనం ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. కొత్త ఆదేశం వాళ్ల చేతికి అందేలోపు టీవీలో స్క్రోలింగ్ వచ్చేది. జనం వచ్చి వాళ్లనే నిలదీసేవారు. నేను వాళ్లను తప్పుపట్టడానికి నిలబడలేదు. ఢిల్లీలో ఒక వాక్యం మారితే అది మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ దాకా ఏ దారిన చేరుతుందన్నదే నా ప్రశ్న.

ఎవరెవరు ఎక్కడ ఆగిపోయారో చెబుతాను.

మొదటివారు 60 లోపు రోగులు. 55 ఏళ్ల మనిషి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడు. జనవరిలో ఆయన అర్హుడు కాడు. మార్చిలోనూ కాడు. ఏప్రిల్‌లో అర్హుడయ్యాడు, కానీ డబ్బు కట్టాలి. 2021 మార్చిలో మొదటి డోసుకు 45 దాటిన రోగులను ప్రత్యేకంగా పిలిచిన ప్రభుత్వమే, మూడో డోసుకు వాళ్లను ఆరోగ్యవంతుల వరసలో నిలబెట్టింది. ఇంకో తికమక డాక్టరు సర్టిఫికెట్. 2021లో 45 నుంచి 59 ఏళ్ల రోగులు అది తేవాలన్నారు. 2022 జనవరిలో 60 దాటినవారికి అది అక్కర్లేదన్నారు. పాత మాట గుర్తున్న పెద్దలు కాగితం కోసం డాక్టర్ల దగ్గర ఫీజు కట్టి కూర్చున్నారు.

రెండోది డబ్బు. ఏప్రిల్‌లో డోసు ధర 225 రూపాయలు, పన్నులు అదనం. ఆసుపత్రి సేవా రుసుము 150 దాకా తీసుకోవచ్చు. పన్ను వదిలేసినా మనిషికి 375. ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్లుంటే 1,875 రూపాయలు. కుట్టు మిషన్ మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. డబ్బు చేతిలో ఉన్నవాళ్లకూ సులువుగా దొరకలేదు. కొవిషీల్డ్ సీసాలో 10 డోసులుండేవి, మూత తీస్తే 4 గంటల్లో వాడేయాల్సి వచ్చేది. చిన్న ఊళ్లో పదిమంది ఒకేసారి పోగుకాకపోతే ఆసుపత్రివాళ్లు సీసా తెరవరు. రేపు రండి అంటారు. కూలిపని మానుకుని వచ్చినవాడికి ఆ రేపు ఇంకో రోజు కూలి.

పైగా అది రంజాన్ మాసం. 2022లో ఉపవాసాలు ఏప్రిల్ 3న మొదలయ్యాయి. వారం తిరిగేసరికి ఈ ప్రకటన వచ్చింది. కండకు వేసే సూదితో రోజా భంగం కాదని మన ఉలమాలు 2021లోనే స్పష్టంగా చెప్పారు. వాళ్లు చెప్పకపోతే ఎందరో ఆగిపోయేవారు. అయినా జ్వరమొస్తే ఉపవాసం విడవాల్సి వస్తుందేమోనన్న బెంగ ఉండేది. ఇఫ్తార్ తర్వాత వెళ్దామంటే కేంద్రాలు అప్పటికే మూసేసేవారు. ఈద్ తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు.

మూడోది గడువు లెక్క. 2021 జులై 1న కొవిషీల్డ్ మొదటి డోసు వేసుకున్న మనిషికి 84 రోజుల తర్వాత, సెప్టెంబర్ 23న రెండోది పడింది. 39 వారాలు లెక్కేస్తే 2022 జూన్ 23. డిసెంబర్ 15న రెండోది వేసుకున్నవాడికి సెప్టెంబర్ 14. జులైలో నిబంధన మారగానే అదే మనిషి జూన్ 15కే అర్హుడైపోయాడు. ఈ సంగతి ఎవరో ఒకరు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాలి. ఫోనుకు మెసేజ్ వస్తుందన్నారు. ఏ ఫోనుకు? ఒక్క నంబరు మీద నలుగురిని నమోదు చేశారు, తర్వాత ఆరుగురికి పెంచారు. కోదాడలో ఒక ఖాలా నమోదైంది కొడుకు నంబరు మీద. ఆ కొడుకు సౌదీ వెళ్లిపోయాడు, ఇక్కడి సిమ్ ఆగిపోయింది. ఓటీపీ లేనిదే పోర్టల్ తెరుచుకోదు.

నాలుగోది పేర్లు. మన దగ్గర షేక్ అనే ఒక్క మాటను ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి. కోదాడ సరిహద్దు ఊరు. మొదటి డోసు జగ్గయ్యపేటలో ఒక కార్డుతో, రెండోది కోదాడలో ఇంకో కార్డుతో వేసుకున్న లారీ డ్రైవర్లున్నారు. కొవిన్‌లో వాళ్లకు రెండు మొదటి డోసులు కనిపించేవి, రెండోది కనిపించేది కాదు. రెండో డోసే లేనివాడికి మూడోది ఎవరు వేస్తారు? ఆ రెండు సర్టిఫికెట్లను కలిపే ఏర్పాటు పోర్టల్‌లోనే ఉండేది, పాస్‌పోర్టు నంబరు చేర్చే ఏర్పాటూ ఉండేది. తెలిసినవాడికి అది కాసేపటి పని. తెలియనివాడికి నెలల తిరుగుడు.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ల అవస్థ వేరు. 2022 ఫిబ్రవరి 1 నుంచి సౌదీలో రెండో డోసు పాతబడినవాళ్ల యాప్‌లో టీకా హోదా నిలవాలంటే బూస్టర్ కావాలన్నారు. ఇక్కడ వాళ్ల వయసువారికి ఏప్రిల్ 10 దాకా వేయనే వేయరు. అక్కడ తప్పనిసరి, ఇక్కడ అనర్హులు. విదేశాలకు వెళ్లేవారు ఆ దేశపు నియమం ప్రకారం 9 నెలలకు ముందే వేయించుకోవచ్చని మే 12న కేంద్రం అన్నది. అప్పటికి ఎందరి సెలవులో అయిపోయాయి.

ఇక మన మూడు ఊళ్ల సంగతి. 2016 అక్టోబర్ 11కు ముందు మనందరిదీ నల్గొండ జిల్లా. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ ఇంకో జిల్లా. అన్నదమ్ముల ఇళ్లే అయినా కేంద్రాల జాబితాలు వేరు, వాట్సాప్ గ్రూపులు వేరు. సూర్యాపేటలో ఫలానా రోజు టీకా ఉందన్న మెసేజ్ మిర్యాలగూడలో తిరిగేది. అది నమ్మి వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు. రెండుసార్లు తిప్పి పంపితే మూడోసారి పేదవాడు రాడు. జులైలో ఉచితమన్నారు, గడువూ తగ్గింది, కేంద్రాలూ తెరిచే ఉన్నాయి. కానీ అప్పటికి జనంలో ఆసక్తి చల్లారిపోయింది. మారుతూ వచ్చిన నిబంధన తీసుకెళ్లింది డోసు ఒక్కదాన్నే కాదు, నమ్మకాన్ని కూడా. నమ్మకం పోయిన చోట పుకారు వచ్చి కూర్చుంటుంది.

మరి ఏది పనిచేసింది? జుమా నమాజు తర్వాత మస్జిద్ బయట ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక స్మార్ట్‌ఫోన్, ఒక నోటుపుస్తకం. రెండో డోసు తేదీ చెబితే మూడోది ఎప్పుడో కాగితం ముక్క మీద రాసిచ్చే కుర్రాడు. ఆడవాళ్ల కోసం ఇంటింటికీ వెళ్లిన మన ఆపాలు. కేంద్రానికి ఫోన్ చేసి, ఈ రోజు ఏ టీకా ఉందో కనుక్కున్నాకే ముసలివాళ్లను ఆటో ఎక్కించిన భాయిలు. ఖర్చు స్వల్పం. కానీ ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లగానే ఆ బల్ల లేచిపోయింది.

అందుకే దాతలైన మీ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి, మూడు ఊళ్లలో వారానికి రెండు రోజులు తెరిచి ఉండే సహాయ కేంద్రం కావాలి. చదువుకున్న ఒక మనిషికి గౌరవ వేతనం, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. టీకా ఒక్కదానికే కాదు. ఆరోగ్యశ్రీ, పింఛను, స్కాలర్‌షిప్, ఆధార్ సవరణ అన్నింటిలోనూ నిబంధనలు మారుతూనే ఉంటాయి.

రెండు, ప్రతి కుటుంబం చేతిలో ఒక చిన్న పుస్తకం ఉండాలి. అందరి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టు, టీకా తేదీలు, జబ్బులు, ఏ నంబరుతో నమోదయ్యారో అందులో రాసి ఉండాలి. పుస్తకం ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆధార్ జిరాక్సులు మనం పోగుచేయకూడదు, ఓటీపీ ఎవరికోసమూ రాసి పెట్టుకోకూడదు. పేదవాడి గుట్టు మన దగ్గర అమానత్.

మూడు, డబ్బు సంగతి. ఇక్కడ జాగ్రత్త అవసరం. జకాత్ హక్కుదారుడి చేతికి చేరాలి, అతని సొంతం కావాలి. ప్రింటర్ కొనడానికి, మన కార్యకర్త జీతానికి దాన్ని వాడకూడదు. డయాలసిస్ రోగి ప్రయాణ ఖర్చుకు, మందులకు, కట్టాల్సిన రుసుముకు అతను అర్హుడైతే జకాత్ ఇవ్వొచ్చు. సహాయ కేంద్రానికి మాత్రం సదఖా, లిల్లాహ్ చందాలే కావాలి. రంజాన్‌లో జకాత్ ఇచ్చే చేతులు మనకు చాలానే ఉన్నాయి. మిగతా 11 నెలలు నెలనెలా కొద్దిగా సదఖా ఇచ్చే చేతులే తక్కువ. నేను అడుగుతున్నది వాటినే.

రేషన్ మూట ఇచ్చినప్పుడు ఫోటో వస్తుంది. ఒక తేదీ సరిగ్గా చెప్పి ఒక ముసలమ్మను ఒక్క ప్రయాణంలో పని ముగించుకుని ఇల్లు చేరేలా చేస్తే ఫోటో రాదు. ఆ పని ఎవరికి కనిపించాలో ఆయనకు కనిపిస్తుంది. అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక, రోగులకు స్వస్థత ఇచ్చుగాక, ఆ రోజుల్లో మనల్ని విడిచిపోయినవారిని మన్నించుగాక. ఆమీన్.