జ్వరశేషము

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యను గూర్చి ప్రసంగింపుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. నేను వైద్యుడను గాను; బడిపంతులను. ఐనను నేడొక వ్యాధిని గూర్చి విన్నవించెదను. తెలియమివలన కలుగు కీడును బాపుటయు విద్యయే గదా!

అగ్నిశేషమును, ఋణశేషమును, శత్రుశేషమును ఉపేక్షింపరాదని పెద్దలందురు. జ్వరమునకును అట్టి శేషమొకటి కలదు. నా పూర్వశిష్యుడొకడు విరేచనములతో రెండుదినములు బాధపడి స్వస్థుడయ్యెను. పక్షము తిరుగకమునుపే వాని రెండు పాదములును తిమ్మిరెక్కెను. మఱునాడు మెట్లెక్కజాలకపోయెను. ఇంటివారు నీరసమనుకొనిరి. వాతమని యెవరో చెప్పగా తైలమర్దనము చేయించిరి. ఆ మాటకు నేనును తలయూచితిని. మూడవనాటికి చేతులు లేవలేదు. నాల్గవనాడు ఊపిరి భారమయ్యెను. అప్పుడుగాని ఆసుపత్రికి గొనిపోలేదు. ఇరువదిదినములు శ్వాసయంత్రముపై నుండి బ్రతికెను గాని, మరల నడచుటకు ఏడాది పట్టెను. నా తలయూపు నన్ను నేటికిని బాధించుచున్నది.

ఆ వ్యాధిపేరు గులియన్-బారే సిండ్రోమ్. 1916లో గులియన్, బారే, స్ట్రోల్ అను ఫ్రెంచి వైద్యులు ఇద్దఱు సైనికులయందు దీనిని గుర్తించి వర్ణించిరి. మన దేహమున క్రిములనెదిరించు రక్షకశక్తి కలదు. ఒక్కొక్కప్పుడు అది క్రిములను అణచుటతో ఆగక, మన నాడులనే శత్రువులని భ్రమించి చెఱచును. కంచె చేను మేయుటయన్న నిదియే. ఇది ఒకరినుండి యొకరికి అంటునది కాదు, పూర్వకర్మఫలమును కాదు.

దీనికి దారితీయు వానిలో ముఖ్యమైనది కాంపిలోబాక్టర్ అను సూక్ష్మజీవి. కలుషితజలము, సరిగా ఉడుకని కోడిమాంసము దాని త్రోవలు. దోమలు తెచ్చు జ్వరములును అట్టివే. 2013 అక్టోబరు మొదలు 2014 ఏప్రిలు వఱకు ఫ్రెంచి పాలినీషియా దీవులయందు జీకా జ్వరము వ్యాపించినపుడు 42 మందికి ఈ నాడీవ్యాధి కలిగెను. పరీక్షింపగా వారందఱి రక్తమునను జీకాను ఎదిరించు ప్రతిరక్షకములు కానవచ్చెను. పన్నెండుగురికి శ్వాసయంత్రము కావలసివచ్చెను. అందఱికిని ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను మందునిచ్చిరి, ఒక్కరును మరణింపలేదు.

ఆ దీవులు మనకు దూరమని యుపేక్షింపరాదు. జీకా 2018లో జైపూరున, 2021లో కేరళమున కానవచ్చెను. దానిని మోయు ఏడిస్ దోమయే మన యిండ్లలో డెంగీని, చికున్‌గున్యాను పంచుచున్నది. అవియు అరుదుగా ఈ వ్యాధికి దారితీయును. భయపడ నక్కఱలేదు, జీకా సోకిన పదివేలమందిలో ఇద్దఱు ముగ్గురికే ఇది కలిగినట్లు ఆ దీవులలో లెక్కించిరి. అరుదైనందుననే మనము గుర్తింపలేకపోవుచున్నాము.

మలేరియా క్రిమిని దోమ కడుపున రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అట్టి నేలపై మనుచు, తొట్లలోని నీటిని వారమునకొకమాఱు పాఱబోసి తోముటకు బద్ధకింపవచ్చునా? ఏడిస్ పగటివేళ కఱచును. నిలువయుంచిన మంచినీటనే పిల్లలు పెట్టును.

సోదరులారా! జ్వరమో విరేచనములో తగ్గిన కొలదివారములలో రెండు కాళ్లకును బలము తప్పి, ఆ నిస్సత్తువ పైపైకి ప్రాకినచో దానిని నీరసమనుకొనకుడు. తైలములతో, తాయెత్తులతో దినములు గడపకుడు. శ్వాసయంత్రమున్న పెద్దాసుపత్రికి ఆనాడే గొనిపొండు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ గాని, రక్తములోని ప్లాస్మాను మార్చు చికిత్సగాని తొలి రెండు వారములలో జరిగినచో మేలు మెండు.

ఆ మందు వెల పేదకుటుంబము భరింపలేనిది. కావున విద్యార్థివేతనముల నిధి ప్రక్కనే అత్యవసర వైద్యనిధి నొకదానిని నెలకొల్పవలెనని పోషకమహాశయులను ప్రార్థించుచున్నాను. ఇంకొకమాట. ఆ మందు వేలకొలది దాతల రక్తమునుండి తీయబడునది. ఆ దాతల కులమును రోగి యడుగడు. మన నిధియు గుమ్మముకడ నిలిచినవాని కులము నడుగక యిచ్చునదైనచో ఈ సంఘమునకు అంతకంటె కీర్తి లేదు.

నా శిష్యుని విషయమున నేను తలయూచిన తప్పు మీలో నెవ్వరును చేయకుందురుగాక యని కోరుచు విరమించుచున్నాను.