గర్భసంచి ఉందా, తీసేశారా?

(స్వర్ణోత్సవాల సందర్భంగా కాప్రాలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక పూర్వ విద్యార్థిని, స్త్రీల వైద్యురాలు చేసిన ప్రసంగం)

 

కార్యక్రమ పత్రంలో నా అంశాన్ని 'మహిళల ఆరోగ్యం' అని మర్యాదగా వేశారు. నేను మాట్లాడేది ముట్లు ఆగిపోయే వయసు గురించి, అప్పుడు వాడే హార్మోన్ మందుల గురించి. మగవాళ్ళు టీ కోసం లేవనక్కర్లేదు. అర్ధరాత్రి మీ ఇంట్లో ఫ్యాను స్పీడు ఎవరు పెంచుతున్నారో, ఎందుకు పెంచుతున్నారో మీకూ తెలియాలి.

మన దేశంలో ముట్లు సగటున 46, 47 ఏళ్ళకే ఆగిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఆగవు. ఈ హాల్లో ఉన్న ఆడవాళ్ళలో సగం మంది ఆ మలుపు దగ్గరో, దాటో ఉన్నారు. ఈసీఐఎల్ బస్సులో నిలబడి ఉండగా ఉన్నట్టుండి మెడలోంచి ముఖానికి సెగ ఎగదన్నడం, రవికె తడిసిపోవడం, రాత్రి నిద్ర లేకపోవడం, కీళ్ళ నొప్పులు, ఊరికే ఏడుపు రావడం, మూత్రంలో మంట. వీటన్నిటికీ వెనక ఉన్నది అండాశయాల్లో ఈస్ట్రోజన్ తగ్గిపోవడమే. తగ్గినదాన్ని బయటి నుంచి కొంత ఇవ్వడమే హార్మోన్ చికిత్స.

నా దగ్గరికి వచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది, "అమ్మా, గర్భసంచి ఉందా, తీసేశారా?" అని. మన తెలుగు రాష్ట్రాల్లో ఇది లాంఛనం కోసం అడిగే ప్రశ్న కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటారు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు" అన్న మాట మన ఊళ్ళలో ఎంత తేలిగ్గా వాడతారో మీకు తెలుసు.

గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమై, కొన్నాళ్ళకు క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందుకని ప్రొజెస్టరాన్ తోడు కావాలి. గర్భసంచి తీసేసినవాళ్ళకు మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. అది మాత్రగా, చర్మానికి రాసుకునే జెల్‌గా, అంటించుకునే ప్యాచ్‌గా ఉంటుంది. మాత్ర కాలేయం మీదుగా వెళ్తుంది, రక్తం గడ్డకట్టే ముప్పును కొంచెం పెంచుతుంది. జెల్, ప్యాచ్‌లతో ఆ భయం తక్కువ. లావుగా ఉన్నవాళ్ళకు నేను వాటివైపే మొగ్గుతాను. యోనిలో పొడిదనం, మంట మాత్రమే ఉంటే అక్కడ రాసుకునే క్రీము సరిపోతుంది. దాని మోతాదు చాలా తక్కువ, ఒంట్లోకి చేరేది నామమాత్రం.

"హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందట కదా?" ఈ భయం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. అందులో రెండు హార్మోన్లూ కలిపి వాడిన భాగంలో, ఏడాదికి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ 30 నుంచి 38కి పెరిగింది. పెరిగిన మాట నిజం. అయితే వాళ్ళ సగటు వయసు 63. ముట్లు ఆగి చాలా ఏళ్ళయినవాళ్ళు. గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదు. అందుకే ఇప్పుడు 60 లోపు, ముట్లు ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టేవాళ్ళకు, వేరే అడ్డంకులు లేకపోతే, మేలే ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, పక్షవాతం, గుండెపోటు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం వంటివి ఉన్నవాళ్ళు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళు మామూలుగా వీటికి దూరంగా ఉండాలి. వాళ్ళ సెగలకు హార్మోన్ కాని మందులున్నాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడితే, ముందు అదేమిటో తేల్చాలి. హార్మోన్ సంగతి తర్వాత. ఫోన్లలో వచ్చే 'సహజ హార్మోన్ పొడి' ప్రకటనల మీద నాకు నమ్మకం లేదు, డబ్బాలో ఏముందో వాళ్ళు చెప్పరు కాబట్టి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ముప్పై అయిదేళ్ళకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్నవాళ్ళు. వాళ్ళకు ముట్లు నెమ్మదిగా తగ్గి ఆగవు. ఒక్క పూటలో ఆగిపోతాయి. హార్మోన్ లేకుండా పదిహేనేళ్ళు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముందే వస్తుంది. అడ్డంకులు లేకపోతే వీళ్ళు కనీసం యాభై ఏళ్ళ వరకు హార్మోన్ వాడాలి. ఇది వాళ్ళకు అదనపు మందు కాదు, ఒంట్లో ఉండాల్సినదే. సెగలు తగ్గినా ఆపకూడదు. కానీ ఆపరేషన్ చేసినప్పుడు ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పలేదు.

పైగా అండాశయాలు తీశారో ఉంచారో కూడా చాలామందికి తెలియదు. స్కానింగ్‌లో గర్భసంచి లేదని తెలుస్తుంది గానీ, ఈ వయసులో అండాశయాలు చిన్నవైపోయి ఉన్నా కనబడకపోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో, బయాప్సీ రిపోర్టులో మాత్రం రాసి ఉంటుంది. బీరువాలో చీరల కింద పాత ఆసుపత్రి ఫైలు ఉంటే పారేయకండి. డాక్టర్ దగ్గరికి అది పట్టుకెళ్ళండి.

ఇక ప్రశ్నలు. మైకులో అడగడం ఇబ్బందైతే చీటీ మీద రాసి పంపండి. పేరు అక్కర్లేదు, ఏ బ్యాచో కూడా అక్కర్లేదు.