మా ఊరు మేమే చూపిస్తం

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరిని బయటోళ్లకు ఎవరు చూపించాలె అనే ముచ్చట మీతోని మాట్లాడుదామని వచ్చిన. ఇది టూరిజం శాఖోళ్ల ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. కొత్తగ వచ్చినోనికి ఒక ఊరి గురించి మొదటి మాట ఎవరు చెప్తరో, ఆ ఊరి పరువు వాళ్ల చేతిలనే ఉంటది. మన ప్రాంతపోళ్లకు ఇది నేను కొత్తగ చెప్పాల్సిన పని లేదు. అయితే ఇయ్యాల ఉదాహరణ మన దగ్గరి నుంచి గాదు, న్యూయార్క్ నుంచి తీసుకుంట.

1975 లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వచ్చింది. జీతాలకు పైసలు లేవు. పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని వేల సంఖ్యల తీసేస్తమని నగర ప్రభుత్వం అన్నది. ఉద్యోగ సంఘాలు ఊకుంటయా? ఊకోలేదు. ఆ సంఘాలన్నీ కలిసి, విమానాశ్రయాలల్ల దిగే ప్రయాణికులకు పంచేటందుకు ఒక చిన్న పుస్తకం అచ్చువేయించినయి. అట్ట మీద ముసుగేసుకున్న పుర్రె బొమ్మ. పేరు 'భయనగరానికి స్వాగతం'. లోపల ప్రయాణికులకు సూచనలు: సాయంత్రం ఆరు దాటితే వీధుల్లోకి రావద్దు. నడవొద్దు. సబ్‌వే రైలు ఎక్కొద్దు. మాన్‌హటన్ దాటి పోవొద్దు. నగర ప్రభుత్వం దీన్ని ఆపాలని కోర్టుకు పోయింది. వార్త మాత్రం దేశదేశాలకు పాకింది.

ఇక్కడ ఉద్యోగులున్నరు కాబట్టి ఒక మాట అంటున్న. వాళ్ల కోపం న్యాయమైనదే. నౌకరి పోతుంటే ఎవరైనా కొట్లాడుతరు, కొట్లాడాలె. సమ్మె ఉన్నది, ఊరేగింపు ఉన్నది, పెన్‌డౌన్ ఉన్నది. కానీ సర్కారు మీది కోపంతోని సొంత ఊరినే బయటోనికి దయ్యంలెక్క చూపెట్టిండ్రు. సర్కారుతోని రాజీ ఎప్పుడో ఒకప్పుడు కుదురుతది. ఊరి మీద పడ్డ మచ్చ అంత తొందరగ పోదు. న్యూయార్క్ మీద పడ్డది ఏండ్లకేండ్లు పోలేదు. పోయేటట్టు పరిస్థితులు కూడా లేకుండె. 1990 ఒక్క ఏడాదిల ఆ నగరంల 2200 కు పైగా హత్యలు జరిగినయి. అంటే భయం ఉత్త పుకారు గాదు.

అసొంటి కాలంల, 1992 లో, లిన్ బ్రూక్స్ అనే ఆమె 'బిగ్ యాపిల్ గ్రీటర్' అని ఒక స్వచ్ఛంద కార్యక్రమం మొదలుపెట్టింది. ఆమె వేరే దేశాలకు పోయినప్పుడల్లా అక్కడి జనం న్యూయార్క్ అంటే భయం అంటుండ్రట, ఖర్చు అంటుండ్రట. ఆమెకేమో న్యూయార్క్ అంటే ఒక మహానగరం గాదు, పక్కపక్కన సర్దుకున్న వంద చిన్న ఊళ్లు. ఒక్కో దాంట్ల ఒక రొట్టెల దుకాణం, ఒక బడి, ఒక పార్కు, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే మనుషులు. ఆ ఊళ్లల్ల ఉండేటోళ్లే వచ్చినోళ్లను వెంటపెట్టుకొని తిప్పితే సరిపోతది గదా అనుకున్నది.

పద్ధతి చాలా సాదాది. ఊరు చూడ వచ్చెటోళ్లు కొన్ని వారాల ముందుగాల రాస్తరు. ఎందరం వస్తున్నం, ఏ తారీకు, ఏ భాష మాట్లాడుతం, మాకు దేంట్ల ఇష్టం అని. పాటలా, పాత ఇండ్లా, తిండా, చెట్లా. దానికి సరిపోయే మనిషిని వెతికి జత కలుపుతరు. ఆ మనిషి రిటైరైన టీచరు కావచ్చు, నర్సు కావచ్చు, కాలేజీ పిల్ల కావచ్చు. వచ్చి కలిసి, రెండు మూడు గంటలు, ఒక్కోసారి నాలుగు గంటలు తన వాడలల్ల తిప్పుతరు. ఆరుగురికి మించి ఒక్క జట్టుల ఉండొద్దు. నడుసుకుంట, సబ్‌వే ఎక్కుకుంట పోవుడే. పైసలు తీసుకోరు. టిప్పు కూడా తీసుకోరు.

1975 పుస్తకం నడవొద్దన్నది, సబ్‌వే ఎక్కొద్దన్నది, మాన్‌హటన్ దాటొద్దన్నది. పదిహేడేండ్లకు అదే ఊరి మనుషులు వచ్చినోని చెయ్యి పట్టుకొని నడిపించిండ్రు, సబ్‌వే ఎక్కించిండ్రు, మాన్‌హటన్ దాటించిండ్రు. ఆ పుస్తకానికి జవాబుగనే ఆమె ఈ పని చేసిందని నేను అంటలేను. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎట్లుంటదో మీరే చూడండి.

మాన్‌హటన్ దాటితే ఏమున్నదని అడుగుతరేమో, ఒక్క రోడ్డు గురించి చెప్త. టైమ్స్ స్క్వేర్ కాడ 7 నంబరు రైలు ఎక్కి క్వీన్స్ దిక్కు పోతే ఆఖరు స్టేషన్ ఫ్లషింగ్. దిగినంక చైనా, కొరియా అక్షరాల బోర్డులే ఎక్కువ కనపడుతయి. అక్కడ బౌన్ స్ట్రీట్ అని ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద జాన్ బౌన్ అనే ఆయన 1661 ప్రాంతంల కట్టుకున్న కట్టె ఇల్లు ఇప్పటికీ ఉన్నది. అప్పుడు ఆ ఊళ్లు డచ్చోళ్ల పాలనల ఉండె. గవర్నర్ స్టైవెసెంట్ క్వేకర్లు అనే మతపోళ్లను కూడుకోనియ్యలేదు, వాళ్లకు జాగ ఇచ్చినోళ్లను కూడా శిక్షించిండు. 1657 డిసెంబర్ 27 న ఫ్లషింగ్ జనం ముప్పై మంది దాకా ఒక విజ్ఞాపన పత్రం మీద సంతకాలు పెట్టి గవర్నర్‌కు పంపిండ్రు. ఎవరి దేవుణ్ని వాళ్లు కొలుసుకోనియ్యాలె, మా తలుపులు మేం మూసుకోం అని. ఇండ్ల గొప్ప సంగతేందంటే, సంతకాలు పెట్టినోళ్లు క్వేకర్లు గాదు. పక్కింటోని కోసం పెట్టిండ్రు. సంతకం పెట్టిన ఊరి అధికార్లను గవర్నర్ పట్టుకపోయి లోపలేసిండు. 1662 లో జాన్ బౌన్ తన ఇంట్లనే క్వేకర్లను కూడుకోనిచ్చిండు. ఆయన్ను అరెస్టు చేసి, జుర్మానా కట్టనన్నందుకు దేశం దాటించిండ్రు. ఆయన హాలండ్ దాకా పోయి కంపెనీ పెద్దల ముందట వాదించుకొని గెలిచిండు. 1663 లో కంపెనీ గవర్నర్‌కు, జనం మనస్సాక్షి జోలికి పోవద్దని రాసింది.

అదే బౌన్ స్ట్రీట్ మీద పదిహేను నిమిషాలు నడిస్తే గణపతి గుడి వస్తది. 1970 లో సొసైటీ పెట్టుకొని, ఒక పాత రష్యన్ చర్చి జాగ కొని, 1977 జులై 4 న కుంభాభిషేకం చేసుకున్నరు. గుడి కింది అంతస్తుల క్యాంటీన్ ఉన్నది. అమెరికాల ఉన్న మన పిల్లలు అక్కడి దోశ కోసం రైలెక్కి పోతరు. 2022 ఏప్రిల్‌ల ఆ రోడ్డుకు 'గణేష్ టెంపుల్ స్ట్రీట్' అని ఇంకో పేరు కూడా పెట్టిండ్రు. దోశ తిని, ఫొటో దిగి తిరిగొస్తరు మనోళ్లు. అదే రోడ్డు మీద ఎన్కకు నడిస్తే, ఇసొంటి గుడి కట్టుకునే హక్కు కోసం మూడు వందల ఏండ్ల కింద పోట్లాడిన మనిషి ఇల్లున్నదని చెప్పేటోళ్లు ఉండాలె గదా. లిబర్టీ విగ్రహం చూపించే టూరిస్టు బస్సు అటు దిక్కు పోదు. ఆ వాడల ఉండే మనిషి చెప్తేనే తెలుస్తది.

ఇగ పైసల సంగతికొస్త, ఎందుకంటే అసలు కిటుకు అండ్లనే ఉన్నది. ఇయ్యాల ఐరోపాల ఏ పెద్ద నగరానికి పోయినా 'ఫ్రీ టూర్' అని గొడుగు పట్టుకొని నిలబడ్డ గైడ్లు కనపడుతరు. అది ఫ్రీ గాదు. ఆఖరుకు టోపీ ముందట పెడుతరు. కొన్ని కంపెనీలల్ల అయితే గైడే తలకింత అని కంపెనీకి కట్టాలె. పాపం ఆ పిల్లగాడు నలభై మందిని నవ్వించాలె, కథలు చెప్పాలె, లేని దయ్యాలను పుట్టియ్యాలె, లేకపోతే వాని తిండి ఎల్లదు. వాన్ని తప్పు పట్టద్దు. ఆ ఏర్పాటే అట్లున్నది. గ్రీటర్‌కు ఆ బాధ లేదు. నాకు తెల్వదు అని అనొచ్చు. ఈ బేకరీ మొన్న మూతపడ్డది, కిరాయి కట్టలేక అని అనొచ్చు. మీ ఊళ్ల ఎట్లుంటది అని ఎదురు అడగొచ్చు. ఇద్దరు మనుషులు నడుసుకుంట మాట్లాడుకుంటున్నట్టు ఉంటది.

మరి లైసెన్సు గైడ్ల పొట్ట కొట్టినట్టు గాదా అని ఇక్కడే ఒక ఉద్యోగ మిత్రుడు మెల్లగ అడిగిండు. అడగాల్సిన ప్రశ్నే. న్యూయార్క్‌ల గైడు పని చెయ్యాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలె. పారిస్‌ల మ్యూజియాలల్ల వివరించి చెప్పేందుకు కార్డున్న గైడ్లు వేరుగ ఉన్నరు. 2007 లో పారిస్‌ల కూడా ఈ గ్రీటర్ల పద్ధతి మొదలైంది. గ్రీటర్లు మ్యూజియంల లోపలికి తీసుకపోయి పాఠం చెప్పరు. గైడు పని గైడుదే. గ్రీటర్ తన వాడను చూపిస్తడు, చరిత్ర ప్రొఫెసర్ లెక్క మాట్లాడడు. ఈ గీత చెరిగిపోతే మాత్రం అది దోపిడే అయితది. బీదోని కూలి మీద ఉచిత సేవ పేరు పెట్టుడు మనం చాలా చూసినం.

షికాగోల 2002 లో వచ్చింది. తర్వాత ప్రపంచంల వంద ఊళ్లకు మించి పాకింది, వాటన్నిటికీ కలిపి ఒక సంఘం కూడా ఉన్నది. జపాన్ల ఇంకో తీరు. నారా పట్నంల కాలేజీ విద్యార్థులు ఇంగ్లిష్ నేర్చుకున్నట్టూ అయితది, ఊరు చూపించినట్టూ అయితదని పైసల్లేకుండ తిప్పుతరు. వచ్చినోళ్లు వాళ్ల రైలు ఖర్చు, భోజనం ఖర్చు పెట్టుకుంటే చాలు. విద్యార్థి మిత్రులారా, ఇది మీరు విననట్టు ఉండొద్దు.

అంతా బాగున్నదని చెప్పి దిగిపోను. ఈ గ్రీటర్ల సంఘానికి రాసుకున్న విలువల్ల ఒకటి ఊరి గురించి మంచి అభిప్రాయం కలిగించాలని. ఈ మాట నాకు మింగుడు పడదు. చాలా ఊళ్లల్ల వెనుక ఉండి నడిపించేది నగర టూరిజం ఆఫీసు. ఖాళీ చేయించిన బస్తీని, కంపెనీ మింగిన చెరువును గ్రీటర్ చూపిస్తే ఆ ఆఫీసు ఊకుంటదా? ఇంకోటి. ఆదివారం పూట నాలుగు గంటలు ఊరికే ఇయ్యగలిగేది ఎవరు? పింఛను వచ్చేటోళ్లు, సొంత ఇల్లున్నోళ్లు. రెండు షిఫ్టులు ట్యాక్సీ నడిపేటోడు క్వీన్స్ గురించి అందరికన్నా ఎక్కువ చెప్పగలుగుతడు, కానీ వానికి తీరికేది? ఊరి కథ మళ్లా ఒక్క తరగతి నోటి నుంచే వస్తది. దీనికి న్యూయార్కోళ్లు కూడా పూర్తిగ జవాబు దొరకబట్టలేదు.

మన హైదరాబాద్‌కు వద్దాం. బయటి నుంచి వచ్చినోనికి చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, ఒక బిర్యానీ, ఒక ముత్యాల దండ. అవి వద్దని గాదు. ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉన్న చింతచెట్టు కాడికి ఎవరు తీసుకపోతరు? 1908 సెప్టెంబర్ 28 న మూసీ పొంగి ఊరిని ఊడ్చుకపోయిన నాడు ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా పానాలు దక్కించుకున్నరు. వేల మంది కొట్టుకపోయిండ్రు. ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్యను పిలిపించుడు, 1920 లో ఉస్మాన్‌సాగర్, 1927 లో హిమాయత్‌సాగర్. అండ్ల నుంచి నడుసుకుంట సుల్తాన్‌బజార్ దిక్కు పోతే 1901 లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. నిజాం రాజ్యంల తెలుగు పుస్తకం చదువుకునేందుకు మనోళ్లు చేసుకున్న జాగ. నడుమ నదిని కూడా చూపించాలె, వాసనతోని సహా. ముక్కు మూసుకొని దాటించొద్దు. 2014 జూన్ 2 న రాష్ట్రం వచ్చింది, మన చరిత్ర మనమే చెప్పుకుంటమని అన్నోళ్లం మనం. పాఠ్యపుస్తకాల దాకా పోయింది. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఒక మనిషికి వాడల నిలబడి చెప్పే దాకా ఇంకా రాలేదు.

ఎట్ల మొదలుపెట్టాలె అంటే పెద్ద కమిటీ వద్దు, బ్యానరు వద్దు, ప్రారంభోత్సవానికి మంత్రి అసలే వద్దు. పది మంది మనుషులు, పది వాడలు. ఒక్కొక్కరు తాము పుట్టి పెరిగిన లేదా ఇరవై ఏండ్లుగ ఉంటున్న వాడనే తీసుకోవాలె. లాడ్‌బజార్‌ల లక్క గాజులు చేసేటామె గానీ, ఆటో నడిపే తమ్ముడు గానీ చెప్పాలంటే వాళ్ల ఆ పూట గిరాకీ పోతది. ఆ కూలి ఉద్యోగ సంఘాలు చందా వేసుకొని ఇయ్యాలె. వచ్చినోని జేబుల నుంచి మాత్రం తీసుకోవద్దు. గైడ్ల సంఘంతోని ముందుగాలనే కూసొని గీత గీసుకోవాలె.

ఆరుగురికి మించొద్దన్న న్యూయార్కోళ్ల నియమం మనకు ఇంకా ఎక్కువ అవసరం. ఆ చెట్టున్నది దవాఖానల. రోగులుంటరు, వరండాల వాళ్ల మనుషులు పడుకొని ఉంటరు. నలభై మందిని తోలుకపోయి ఫొటోలు దిగుతే వాళ్లు మనల్ని తిట్టాలె, తిడుతరు కూడా. ఆదివారం పొద్దున ఆరున్నరకు అఫ్జల్‌గంజ్ బస్టాప్ కాడ కలుసుకొని, ఒక చాయ్ తాగి మెల్లగ బయలుదేరితే, ఎండ ఎక్కకముందే చెట్టు కిందికి చేరుతం. వచ్చే ఆదివారం నేను పోతున్న. నాతోని ఐదుగురికి జాగ ఉన్నది. మీటింగ్ అయినంక పేర్లు ఇయ్యండి.