మెటాలికా నల్ల అట్ట పాటలు: మెచ్చినవారు, నొచ్చినవారు



తుంబలహళ్లిలో మా ఇంటి వసారాలో 90లలో ఒక టేప్‌రికార్డరు ఉండేది. పొద్దున ఘంటసాల, సాయంత్రం ఇళయరాజా. శనివారం రాత్రి మా పెదనాన్నగారి అబ్బాయి బెంగళూరు బస్సు దిగి వచ్చాడంటే మాత్రం హెవీ మెటల్ మోగేది. "ఆ గుద్దుడేమిట్రా, గోడలు కూలేలా ఉన్నాయి" అని మా అవ్వ అరిచేది. అమెరికాలో 1981లో మొదలైన మెటాలికా బృందం పేరు నేను మొదట విన్నది ఆ అన్న నోటనే. వారు 1991 ఆగస్టులో విడుదల చేసిన ఆల్బం, దానిమీద రేగిన వాదం, ఇదీ ఈనాటి నా ప్రసంగ విషయం.

ఆ ఆల్బంకు బృందం పేరే పేరు. అట్టంతా నలుపు కనుక లోకం దాన్ని 'బ్లాక్ ఆల్బం' అంది. దానికి ముందు 1988లో వచ్చిన '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో ఆ పేరుతోనే ఉన్న పాట దాదాపు పది నిమిషాలు సాగుతుంది. నడక మాటిమాటికీ మారుతుంది. బేస్ గిటారు ఉందా లేదా అని చెవి రిక్కించి వెతుక్కోవాలి. వేదికమీద ఆ పాట వాయిస్తుంటే జనం మొహాలు వాలిపోయేవని గిటారిస్టు కిర్క్ హామెట్ తర్వాత ఒప్పుకున్నాడు. అందుకే కొత్త ఆల్బంకు బాబ్ రాక్ అనే నిర్మాతను పిలిచారు. ఆయన అంతకు ముందు మాట్లీ క్రూ అనే తళుకుబెళుకుల బృందానికి పనిచేసినవాడు. ఆ పేరు వినగానే పాత అభిమానులకు ఒళ్ళు మండింది.

బాబ్ రాక్ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి కలిసి వాయించమన్నాడు. వేగం తగ్గింది. బేస్ పైకి తేలింది. డ్రమ్ము దెబ్బ గుండెకు తగిలింది. జేమ్స్ హెట్‌ఫీల్డ్ అరుపు మానేసి పాడాడు. 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' పాటకు మైకేల్ కామెన్ వయొలిన్ల బృందాన్ని కూడా జోడించాడు.

విమర్శకులు చాలామంది మెచ్చుకున్నారు. రోలింగ్ స్టోన్ పత్రిక అయిదుకు నాలుగు చుక్కలు వేసింది. 1992లో గ్రామీ బహుమతి వచ్చింది. ఒక్క అమెరికాలోనే కోటిన్నరకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మా అన్నలాంటివారు మాత్రం ప్రతులు కాదు, మనుషులే అమ్ముడుపోయారన్నారు.

వింతేమిటంటే, ఇద్దరూ విన్నది ఒకటే. పాట కురచయింది, తేటయింది. ఒకరికది గుణం, మరొకరికి దోషం. మన బాలమురళీకృష్ణగారు నాలుగు స్వరాలతో మహతి, లవంగి కట్టినప్పుడూ ఇవి రాగాలేనా అని వాదం నడిచింది కదా!

కుదించడం సులువనుకునేవారు తొమ్మిదో తరగతి పిల్లలచేత సంక్షిప్త రచన రాయించి చూడాలి. పది నిమిషాల పాటలో ఒకచోట తడబడినా ఇంకోచోట సర్దుకోవచ్చు. 'శాడ్ బట్ ట్రూ' లాంటి చౌకకాలపు పాటలో దాక్కునేందుకు చోటే లేదు. అందుకే నా ఓటు నల్ల అట్టకే. అయినా అన్న మాట కొట్టిపారేయలేను. పాత పాటల్లో మలుపు తిరిగితే ఏముందోనన్న గుబులుండేది. ఇక్కడ రెండోసారి వినేసరికి దారంతా తెలిసిపోతుంది. మెచ్చినవారిలో చాలామంది ఈ నష్టాన్ని లెక్కలో వేయలేదు.

1996లో 'లోడ్' వచ్చేసరికి నలుగురూ జుట్టు కత్తిరించుకున్నారు. పాటల్లోకి బ్లూస్, కంట్రీ బాణీలు వచ్చాయి. చాలామంది పాటలు వినకముందే క్షౌరంమీద తీర్పు చెప్పేశారు. మా అన్న కేసెట్లన్నీ అట్టపెట్టెలో కట్టి అటకెక్కించాడు.

2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చింది. అన్నను బలవంతాన తీసుకెళ్ళాను. పాత పాటలకు పిల్లవాడిలా గెంతాడు. 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' మొదలవగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాట సగమయ్యాక చూద్దును గదా, పెదవులు కదులుతున్నాయి. తిరుగు బస్సులో అడిగితే, "అందరూ పాడుతుంటే నేనూ పాడాను. ఆ ఆల్బం మాత్రం నాకు నచ్చదురా" అన్నాడు. హోసూరు దాటేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఆ మధ్య సంక్రాంతికి అటక దులుపుతుంటే అట్టపెట్టె దొరికింది. నల్ల అట్ట కేసెట్టు అందులో లేదు. అది బెంగళూరులో ఆయన బీరువాలో ఉందని మా వదిన చెప్పింది.