మంచుదారిలో సైకిలు



షోలాపూర్ వాళ్ళకు సైకిలు గురించి కొత్తగా చెప్పేదేముంటుందని మీరు అనుకోవచ్చు. మా చిన్నతనంలో మిల్లు భోంగా మోగగానే పేటల్లోంచి సైకిళ్ళ బారు కదిలేది. ఒక్కొక్క హ్యాండిల్‌కు ఒక్కొక్క టిఫిన్ డబ్బా వేలాడేది. ఆ మిల్లులు మూతపడ్డాయి. ఆ బారూ పోయింది. అయితే ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ సైకిలు గురించి కాదు. మంచు కురిసే కొండల్లో, గడ్డకట్టిన రోడ్ల మీద, రోజుల తరబడి సాగే సైకిలు ప్రయాణం గురించి. ఎండలకు పేరుపడ్డ ఊళ్ళో కూర్చుని మంచు ముచ్చటేమిటని నవ్వకండి. దానికొక కారణముంది.

నా పాత విద్యార్థి ఒకడున్నాడు. తండ్రి మరమగ్గం మీద టవళ్ళు నేస్తాడు, తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. ఈ అబ్బాయి కూడా కార్‌ఖానాలో పనిచేస్తూ, రెండేళ్ళు పైసా పైసా కూడబెట్టి పాత గేర్ల సైకిలు కొన్నాడు. జనవరి నెలలో మనాలీ నుంచి లేహ్ దాకా దాని మీద వెళ్తానంటాడు. ఒక సాయంత్రం వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, "సారూ, మీ మాటైతే వింటడు. చలిల సచ్చేటి పని వద్దని జర చెప్పుండ్రి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అబ్బాయిని పిలిపించాను. వచ్చీ రాగానే, "సార్, మీరు అమ్మ దిక్కా, నా దిక్కా?" అన్నాడు. "నేను భూగోళం దిక్కు. ఆదివారం నోటుపుస్తకం తీసుకుని రా, ముందు లెక్కలు చేద్దాం" అన్నాను. వరుసగా నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. ఆ నోటుపుస్తకంలోని సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి కోరిక ఉన్న పిల్లలుండవచ్చు.

మొదటి లెక్క ఎత్తుది. సముద్ర మట్టం నుంచి పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు వేడి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన షోలాపూర్ సుమారు 450 మీటర్ల ఎత్తులో ఉంది. మనాలీ–లేహ్ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన కనుమ తంగ్‌లంగ్ లా, 5,328 మీటర్లు. అంటే కేవలం ఎత్తు వల్లనే 30 డిగ్రీలకు పైగా తేడా. మనం చలి చలి అంటూ చాదర్ కప్పుకునే 15 డిగ్రీల రాత్రి అక్కడ సున్నాకు దిగువన 16, 17 డిగ్రీలవుతుంది. ఆ ప్రాంతం మనకు ఎంతో ఉత్తరాన ఉంది కాబట్టి చలికాలంలో అంతకన్నా దిగిపోతుంది. పైగా ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మామూలులో సుమారు సగమే. అక్కడ మనం తీసుకునే ప్రతి శ్వాసలోనూ ప్రాణవాయువు సగమే అందుతుంది.

రెండో లెక్క దారిది. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచారు. దాని పొడవు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. దానివల్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ లోయలోకి పోవచ్చు. కాని దాని తరువాత వచ్చే బారాలాచా లా, లాచుంగ్ లా, తంగ్‌లంగ్ లా కనుమలు చలికాలంలో మంచు కింద కప్పబడిపోతాయి. సరిహద్దు రహదారుల సంస్థ వాళ్ళు వసంతంలో యంత్రాలతో మంచు కోసి, గోడల మధ్య సందులాగా దారి తీసేదాకా ఆ రోడ్డు మూసే ఉంటుంది. కాబట్టి జనవరిలో మనాలీ నుంచి లేహ్ దాకా సైకిలు మీద అనే మాటే కుదరదు. ఇది తెలిశాక మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. "మరి ఆ వీడియోలల్ల చూపిస్తరు గద సార్?" అన్నాడు. అవి లేహ్ చుట్టుపక్కల సింధు లోయలోనివి, చలికాలంలో కూడా తెరిచి ఉంచే ఖర్దుంగ్ లా వంటి దారుల్లోనివి కావచ్చు. వీడియోలో దృశ్యం కనిపిస్తుంది. నెల, తేదీ, వెనకాల వచ్చే జీపు కనిపించవు.

ఆ లడాఖ్‌లోనే జాంస్కార్ నది ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అది గడ్డకడుతుంది. రోడ్డు లేని రోజుల్లో ఆ లోయ జనం ఆ గడ్డ మీదనే నడిచి బయటి లోకానికి వచ్చేవారు. ఆ మంచు దారిని వాళ్ళు ఏమంటారో తెలుసా? చాదర్ అంటారు. మనం నేసే చాదరే! నది మీద పరిచిన దుప్పటి అన్నమాట. మన చాదర్ కప్పుకుంటే వెచ్చన, వాళ్ళ చాదర్ మీద అడుగు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. తరతరాలుగా దాని మీద నడిచినవాళ్ళు కూడా కర్రతో తట్టి, చప్పుడు విని, అప్పుడు అడుగు వేస్తారు.

ఇక మూడో సంగతి బట్టలది. నేత కులంలో పుట్టి ఈ మాట చెప్పడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. మంచులో సైకిలు తొక్కేవాడికి నూలు బట్ట శత్రువు. ఎందుకంటారా? బట్ట వెచ్చగా ఉండేది నూలు వల్ల కాదు, పడుగుకూ పేకకూ మధ్య నిలిచిన గాలి వల్ల. షోలాపూర్ చాదర్ దళసరిగా, ఒత్తుగా ఉంటుంది కాబట్టి గాలిని పట్టి ఉంచుతుంది. కాని ఎక్కుడు దారిలో సైకిలు తొక్కితే ఎంత చలిలోనైనా చెమట పడుతుంది. నూలు ఆ చెమటను తాగేసి ఆరకుండా ఉంటుంది. గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. నీరు ఒంటి వేడిని గాలికన్నా ఎన్నో రెట్లు త్వరగా లాగేస్తుంది. అందుకే ఒంటికి ఆనుకుని సన్నని ఉన్ని బట్టో, చెమటను బయటికి పంపే కృత్రిమ నూలు బట్టో వేసుకోవాలి. దాని మీద వెచ్చని పొర, అన్నిటికీ పైన గాలిని ఆపే పొర. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి. శిఖరం చేరగానే, చలి వేయకముందే మళ్ళీ వేసుకోవాలి.

ఎందుకంటే అసలు ప్రమాదం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. సున్నాకు 10 డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగితే, ఎదురుగాలి వల్ల ముఖానికి, వేళ్ళకు తగిలే చలి సుమారు 20 డిగ్రీల దిగువన ఉన్నట్టే. కాళ్ళు తొక్కవు, ఒంట్లో వేడి పుట్టదు, చెమట మాత్రం ఉంటుంది. వేళ్ళు మొద్దుబారితే బ్రేకు నొక్కలేరు. మాట ముద్దముద్దగా వస్తున్నా, గుండీ పెట్టుకోవడం చేతకాకపోయినా ఒంటి వేడి పడిపోతున్నదని గుర్తు. వణుకు దానంతటదే ఆగిపోతే తగ్గిందని సంతోషించకండి, అది మరింత ప్రమాదం. సారా తాగితే వెచ్చగా అనిపిస్తుందే గాని, లోపలి వేడి చర్మంలోకి వచ్చి బయటికి పోతుంది. మంచు కొరికిన వేళ్ళను రుద్దకూడదు, నిప్పు దగ్గర పెట్టకూడదు.

తరువాత రోడ్డు. కొండ మీది నాలా నీళ్ళు మధ్యాహ్నం ఎండకు కరిగి రోడ్డు మీదికి పారుతాయి. రాత్రి అవే గాజు పొరలాగా గడ్డకడతాయి. పొద్దున చూస్తే తారు రోడ్డు తడిసినట్టు నల్లగా కనిపిస్తుంది, అంతే. ముఖ్యంగా నీడ పడే మలుపుల్లో. దాని మీదికి చక్రం ఎక్కాక ముందు బ్రేకు నొక్కినా, హ్యాండిల్ తిప్పినా పడటం ఖాయం. తిన్నగా, మెల్లగా, ఏమీ చేయకుండా దాటాలి. అనుమానమొస్తే దిగి నడిపించాలి. చలి దేశాల్లో గట్టి లోహపు మేకులు పొదిగిన టైర్లు వాడతారు. సైకిలుకూ చలి వేస్తుంది సుమా! గ్రీజు గట్టిపడుతుంది. కేబుల్‌లో నీటిచుక్క ఉంటే గడ్డకట్టి బ్రేకు పట్టదు. వెనక చక్రం ఫ్రీవీల్ గడ్డకడితే పెడల్ ఊరికే తిరుగుతుంది. నీళ్ళ సీసాను తలకిందులుగా పెట్టుకోవాలి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూతి వైపు నీరుగానే ఉంటుంది.

ఇవన్నీ విని, ఇది మనుషులు చేసే పనేనా అని మీరడగవచ్చు. చేశారు. 1900 సంవత్సరంలో ఉత్తర అమెరికాలో, బంగారం దొరుకుతుందని విని ఎడ్ జెస్సన్ అనే అతను డాసన్ నుంచి నోమ్ దాకా, సుమారు 1,600 కిలోమీటర్లు, గడ్డకట్టిన యూకాన్ నది మీదుగా సైకిలు తొక్కాడు. కుక్కలబండ్లు పోయిన గాడిలోనే అతని చక్రం నడిచింది. మన బొంబాయి నుంచి 1923లో బయలుదేరిన ఆదీ హకీం, జాల్ బపాసోలా, రుస్తుం భుమ్‌గరా సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి 1928లో తిరిగి వచ్చారు. 1963 జనవరిలో ఐర్లండ్ నుంచి డెర్వ్లా మర్ఫీ అనే ఆవిడ ఒంటరిగా సైకిలు మీద మన ఢిల్లీకి బయలుదేరింది. ఐరోపాలో ఎన్నో ఏళ్ళలో ఎరగనంత చలి ఆ ఏడు. మంచు మరీ ఎక్కువైన చోట తొక్కుతానని పట్టుబట్టకుండా లారీ ఎక్కింది. జూలైలో ఢిల్లీ చేరింది. పదో పుట్టినరోజుకు సైకిలు, అట్లాసు కానుకగా వస్తే అప్పుడే ఇండియాకు వెళ్ళాలనుకున్నదట. 90 ఏళ్ళు బతికి 2022లో కన్నుమూసింది. లారీ ఎక్కినందుకు ఆవిడ యాత్ర చిన్నదైపోలేదు.

ఇక్కడ మరొక పేరు కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటి అనుభవజ్ఞుడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. ఈ పేరు చెప్పగానే మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. భయపెట్టాలని చెప్పలేదు నేను. అంతా తెలిసినవాడికే అక్కడ అలా జరిగితే, తెలియనివాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడమన్నాను.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఈ ఏడు మంచు లేదు. కోజాగిరి పున్నమికి మన జనం కాలినడకన వెళ్ళే తుల్జాపూర్ దారి ఉంది కదా, సుమారు 45 కిలోమీటర్లు. ప్రతి ఆదివారం బరువు కట్టుకుని ఆ ఘాట్ ఎక్కి దిగాలి. తరువాత బ్రెవే అనే దూరప్రయాణాల్లో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 కిలోమీటర్లు ఇరవై గంటల్లో పూర్తిచేయాలి. అది కుదిరితే వచ్చే సెప్టెంబరులో, దారి తెరిచి ఉన్నప్పుడు, తోడుతో మనాలీ నుంచి లేహ్‌కు వెళ్ళాలి. ఎత్తుకు ఒళ్ళు అలవాటుపడేలా మధ్య మధ్య ఆగాలి. ఆ కనుమల మీద సెప్టెంబరులోనూ ఒక్కోరోజు మంచు పడుతుంది. ఆ ఒక్కరోజు ఎలా ఉంటుందో చూశాక చలికాలం ముచ్చట మళ్ళీ మాట్లాడుకుందాం.

ఒక షరతు మాత్రం రాయించి సంతకం పెట్టించాను. మధ్యాహ్నం రెండు దాటినా కనుమ పైకి చేరకపోతే వెనక్కి తిరగాలి. ఎవరు నవ్వినా సరే.

వాళ్ళమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు, పూర్తిగా కాదనలేదు. "పోతే మన చాదర్ తీస్కపొమ్మనుండ్రి సారూ" అంది. అబ్బాయి తలపట్టుకున్నాడు. ఒక్కొక్క గ్రాము తూచి సర్దుకునేవాడు చాదర్ ఎక్కడ పెడతాడు? అయినా తల్లి మాట కదా. చాదర్ మనాలీ దాకా బస్సులో వెళ్తుంది. అక్కడ బసలో ఉంటుంది. అతను తిరిగి వచ్చి దాన్ని తీసుకోవాలి.

తిరిగి వస్తేనే కదండీ ప్రయాణం పూర్తయినట్టు. మీ ఇంట్లో ఇలాంటి పిల్లవాడుంటే, ఆడపిల్లయినా సరే, వద్దని ఒక్కమాటతో కొట్టిపారేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చేయండి.